చిక్కడు... దొరకడు... మ్యాపులో ఉన్నాడు!

రాత్రి పదకొండున్నర. అశోక్ నగర్‌లో ఒక హాస్టలు మేడ మీద నలుగురు కుర్రాళ్ళు గోడకి చేరగిలబడి కూచున్నారు. పగలంతా గ్రూప్స్ పుస్తకాలతో కుస్తీ పట్టిన చేతులు. ఇప్పుడు ఫోన్లు పట్టాయి. ఫోన్లలో తుపాకులు!

"మామా, ఒన్ సిక్స్‌టీ ఫైవ్‌ల ఉన్నడు! చెట్టెనక!"

"నాకు కనిపిస్తలేడురా."

"మ్యాప్ చూడు మామా, మ్యాప్! అడుగుల గుర్తు పడుతలేదా?"

"ఆఁ... దొరికిండు!"

ఢాం... ఢాం!

తమాషా ఏమిటంటే, ఆ చెట్టు వెనకున్న శత్రువుని కళ్ళారా చూసినవాడు ఆ నలుగురిలో ఒక్కడూ లేడు. తెర మూలన తపాలాబిళ్ళంత చోటులో ఒక పటం ఉంది. అందులో అడుగుల గుర్తు మెరిసింది. అంతే, శత్రువు ఖతం. ఎన్టీఆర్ 'చిక్కడు దొరకడు' 1967లో వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ కథానాయకుడి నెత్తిన ఇలాంటి మ్యాపు ఒకటి ఉండుంటే మొదటి రీలులోనే చిక్కేవాడు, దొరికేవాడు!

ఇంతకీ ఆ 'ఒన్ సిక్స్‌టీ ఫైవ్' ఏమిటనుకున్నారు? ఆటలో తెర పైభాగాన దిక్సూచి పట్టీ ఒకటి ఉంటుంది. ఉత్తరం సున్న, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. నూటఅరవైఅయిదంటే దక్షిణానికి కాస్త తూర్పువార. 'రాము ఉత్తరంగా అయిదు కిలోమీటర్లు నడిచి కుడికి తిరిగెను...' అనే రీజనింగ్ ప్రశ్న దగ్గర పెన్ను నమిలే అబ్బాయే ఇక్కడ రెప్పపాటులో డిగ్రీలు చెప్పేస్తున్నాడు. కోచింగ్ సెంటర్ల మేష్టర్లు ఈ మేడ ఎక్కి ఒక్కసారి చూడాలి!

వాళ్ళాడుతున్నది బీజీఎంఐ. 2018లో పబ్జీ మొబైల్‌గా వచ్చి, 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధం తిని, 2021 జులైలో కొత్త పేరుతో తిరిగొచ్చిన ఆట. మధ్యలో 2022లో మరోసారి మాయమై 2023లో మళ్ళీ ప్రత్యక్షమైంది. మన సినిమాల్లో విలన్లు కూడా ఇన్నిసార్లు బతికి రారు. అందులో 'ఎరాంగెల్' అనే దీవి ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. వందమంది విమానంలోంచి దూకుతారు. ఆ దీవిలో పొచింకి అనే ఊరి సందులు ఈ నలుగురికీ కంఠతా వచ్చు.

ప్రియదర్శిని నుంచి రేడారు దాకా

ఇలాంటి తెర మనకి కొత్తా? కె.వి.రెడ్డిగారు 1957లోనే 'మాయాబజార్'లో చూపించలేదూ! ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకి అభిమన్యుడు కనపడ్డాడు. కాకపోతే ఆ పెట్టె మనిషిని చూపించిందే గానీ దారి చూపించలేదు. దారి పనికి ఘటోత్కచుడు దిగాల్సొచ్చింది.

వీడియో ఆటల్లో ఘటోత్కచుడి పని చేసేది ఈ మూలనున్న పటమే. 1980లో 'ర్యాలీ ఎక్స్' అనే కారు ఆటలో తెర పక్కన చిన్న రేడారు పెట్టారు. మర్నాటి ఏడు 'డిఫెండర్' వచ్చింది. అందులో తెరమీద పట్టని లోకమంతా పైన సన్నటి పట్టీలో కనిపించేది. 1986లో జపాన్ 'జెల్డా'. ఆ లోకం మొత్తం నూట ఇరవై ఎనిమిది తెరలు. మూలన మాత్రం ఒక బూడిద రంగు గడి, అందులో ఒక చుక్క. ఆ చుక్కే మీరు. కొండ లేదు, కోన లేదు, దారి లేదు. మిగతాదంతా ఆడేవాడు కాగితం మీద గీసుకోవాల్సిందే. 1993 నాటి 'డూమ్' ఆ శ్రమ తీసేసింది. మీరు నడిచినకొద్దీ పటం తనంతట తనే గీసుకునేది.

ఆ తర్వాత వచ్చిందండీ అసలు సిసలు మాస్ బొమ్మ... 'వైస్ సిటీ'!

మూలన కాగితం అంటిస్తే?

'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' విడుదల 2002లో. కథాకాలం 1986. ఊరు అమెరికాలోని మయామీకి నకలు. 'స్కార్‌ఫేస్' సినిమా చూసినవాళ్ళకి ఆ వాసన ఇట్టే తగులుతుంది. హీరో టామీకి గొంతు అరువిచ్చింది హాలీవుడ్ నటుడు రే లియొట్టా. ఇంటర్నెట్ కేఫుల్లో గంటల లెక్కన డబ్బులు పోసి ఆడిన తరం ఇప్పుడు పిల్లల్ని స్కూలు బస్సెక్కిస్తోంది. వాళ్ళనడగండి, ఆ ఊరి రోడ్లు ఇప్పటికీ చెబుతారు.

తెరకి ఎడమపక్క కింద గుండ్రటి రేడారు. మీరు తిరిగితే అదీ తిరుగుతుంది. ఉత్తరాన్ని చెప్పే ఒక్క ఇంగ్లీషక్షరం మాత్రం అంచు చుట్టూ గిరికీలు కొడుతూ ఉంటుంది. ఎటు చూసినా మీ ముందున్నదే 'పైన'. ఎంత హాయి! ఆ హాయిలోనే ఉంది కిటుకు.

నాకో చిలిపి బుద్ధి పుట్టి, రేడారున్నచోట మానిటరు మీద కాగితం ముక్క అంటించి ఆడాను. మొదటి పది నిమిషాలు నవ్వులపాలు. అదే హోటలు ముందుకి మూడుసార్లు వచ్చాను. ఒక స్తంభాన్ని గుద్దాను. ఓ పోలీసుని కూడా... సరే, అది వదిలేయండి. తర్వాత మెల్లిగా కళ్ళు తెరుచుకున్నాయి. 'ఓషన్ వ్యూ' హోటల్లోంచి బయటికొస్తే ఎదురుగా సముద్రం. అంటే అది తూర్పు. ఎడమకి తిరిగితే ఉత్తరం, మాలిబు క్లబ్బు అటే. కుడికి పోతే దక్షిణపు కొసన లైట్‌హౌసు. కుడిచేతి పక్క సముద్రం ఉన్నంతసేపూ ఉత్తరానికే పోతున్నాను! ఇన్నేళ్ళూ ఈ ఆట ఆడి కూడా ఆ ముక్క నాకు తట్టనే లేదు. తట్టే అవసరం ఏముంది, కళ్ళెప్పుడూ ఆ గుండ్రటి బిళ్ళ మీదే కదా! అంత డబ్బు పోసి వేసిన సెట్టింగులన్నీ వదిలేసి టిక్కెట్టు వెనకున్న సీటు నంబరు చదువుతూ కూర్చున్నట్టు.

ఆట మొదట్లో రెండో దీవికి వెళ్ళే వంతెనలు మూసేసి ఉంటాయి. తుఫాను హెచ్చరిక అని సాకు చెబుతారు. నా ఉద్దేశంలో అది మంచి సాకు. ముందు ఈ ఒడ్డు తెలుసుకో నాయనా, తర్వాత ఆ ఒడ్డు చూద్దువుగాని అని.

ఆ తర్వాత వచ్చిన ఆటలు ఇంకా గారాబం చేశాయి. 2004లో 'శాన్ ఆండ్రియాస్' వచ్చేసరికి మ్యాపు మీద కావాల్సినచోట గుర్తు పెట్టుకోవచ్చు. 2008లో నాలుగో భాగం వచ్చేసరికి ఏ మలుపు తిరగాలో రేడారు మీద గీతే గీసిపెట్టింది. గీత వెంట పోవడమే. ఊరు ఉంటే ఎంత, లేకపోతే ఎంత!

మూడంతస్తుల చౌరస్తా

గీత అంటే గుర్తొచ్చింది. మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా నెత్తిమీద అలాంటి గీత నిజంగానే ఉంది. 2020 ఫిబ్రవరి 7న మొదలైన మెట్రో లైను! ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ... వరసగా మూడు స్టేషన్లు. తలెత్తి దాని కిందే నడుచుకుంటూ పోతే చాలు, తప్పిపోదామన్నా తప్పిపోలేరు.

చౌరస్తా దగ్గర మాత్రం ఫోను మ్యాపు తికమక పడుతుంది. పాపం, దాని తప్పు కాదు. నేల మీద రోడ్డు, రోడ్డు మీద మెట్రో, మెట్రో మీద ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా పోయే స్టీలు బ్రిడ్జి. 2023 ఆగస్టు 19న ప్రారంభమైంది. మూడంతస్తులూ కాగితం మీద ఒకే చుక్క! మీరు కింద టీ తాగుతుంటే పైన వంతెన మీద పరుగెడుతున్నారని అది అనుకుంటే ఏం చేస్తాం?

ఈ చిక్కుని వైస్ సిటీ వాళ్ళు ఎంత సులువుగా విప్పారో చూడండి. మీరు వెతికే మనిషి మీ ఎత్తులోనే ఉంటే రేడారు మీద చతురస్రం. పైనుంటే త్రికోణం. కిందుంటే బోర్లించిన త్రికోణం. అంతే! అర్థం కావడానికి అక్షరం ముక్క అక్కర్లేదు. మన ఫోనుల్లో ఆ త్రికోణం ఎందుకు లేదో నాకు తెలియదు గానీ, ఉంటే ఆ చౌరస్తాలో నేను రెండుసార్లు తిట్లు తినే పని తప్పేది.

'శాంతి టాకీసు దాటినాక...'

పటం లేని ఆటలూ ఉన్నాయి. 2002లోనే వచ్చిన 'మారోవిండ్'లో పెద్ద పటం ఉంటుంది గానీ, ఎక్కడికి వెళ్ళాలో చూపే బాణం గుర్తు ఉండదు. దారిన పోయే మనిషినడగాలి. 'ఊరు దాటి ఉత్తరంగా పో, వంతెన వస్తుంది, అక్కణ్ణించి ఎడమకి...' అని చెబుతాడు. మీరు గుర్తుపెట్టుకుని పోవాలి. నాలుగేళ్ళ తర్వాత దాని తమ్ముడు 'ఒబ్లివియన్' వచ్చింది. అందులో దిక్సూచి మీద బాణం పెట్టేశారు. దారి చెప్పే మనిషి నోరు మూతపడింది. ఏది మేలు అని ఆటగాళ్ళు నేటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

నా ఓటు మొదటిదానికే. ఎందుకంటే అది మన పద్ధతి! చిక్కడపల్లిలో ఎవర్నయినా అడ్రసు అడిగి చూడండి. వీధి నంబరు చెబితే ఒట్టు. 'సంధ్య దాటి వస్తారు కదా, సుధా హోటలు... ఆ పక్కనే గానసభకి పోయే దారి', 'నారాయణగూడ ఫ్లైఓవరు దిగాక శాంతి టాకీసు', 'తాజ్‌మహల్ హోటలెదురుగా దిగు'. సగం ఊరు సినిమా హాళ్ళతోనే గుర్తు. హాలు పోయినా పేరు పోదు. హిమాయత్ నగర్ పక్కన లిబర్టీ టాకీసు లేదు, లిబర్టీ చౌరస్తా ఉంది. క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎమ్.ఎమ్. లేదు. అయినా 'సుదర్శన్ ఏది?' అంటే 'థర్టీ ఫైవా, సెవెంటీయా?' అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ళ తలలోని పటంలో బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంది.

తలలో పటం అంటే మాటవరసకి అన్నది కాదండోయ్. మెదడులో చోటుని గుర్తుపట్టే కణాలున్నాయని కనిపెట్టినందుకు 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకి నోబెల్ ఇచ్చారు. 2016లో 'సీ హీరో క్వెస్ట్' అని ఒక పడవ ఆటనే తయారుచేశారు, మతిమరుపు జబ్బు మీద పరిశోధన కోసం. ముందు మ్యాపు చూపిస్తారు. తర్వాత తీసేస్తారు! గుర్తున్నంత మేరకు పడవ నడుపుకోవాలి. ఇది ఆడినవాళ్ళు నలభై లక్షల పైమాటే. ఆ లెక్కలతో 2022లో 'నేచర్' పత్రికలో ఒక సంగతి తేల్చారు: చికాగోలా గళ్ళుగళ్ళుగా ఉండే ఊళ్ళలో పెరిగినవాళ్ళకంటే వంకరటింకర దారుల మధ్య పెరిగినవాళ్ళు దారి బాగా పట్టుకోగలరట. చిక్కడపల్లి సందుల్లో గోళీలాడి పెరిగినవాళ్ళు కాస్త కాలరెత్తుకోవచ్చు.

పాత సినిమా పిచ్చోళ్ళకి 'మెకన్నాస్ గోల్డ్' గుర్తుండే ఉంటుంది. గ్రెగరీ పెక్ బంగారు లోయ మ్యాపుని చూసి నిప్పుల్లో పడేస్తాడు. ఇక దారి ఉన్నది అతని బుర్రలోనే. అందుకే ఒమర్ షరీఫ్ అతన్ని చంపకుండా వెంట తిప్పుకోవాల్సొచ్చింది. మ్యాపు కాలిపోబట్టే మనిషి బతికాడు!

ఈమధ్య ఆటలు తీసేవాళ్ళకీ ఈ రుచి తెలిసినట్టుంది. 2020లో వచ్చిన 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా'లో మూలన పటమే ఉండదు. దారి కావాలంటే గాలి వీస్తుంది. గడ్డి ఎటు వంగితే అటు గుర్రం తోలాలి. అందులో కురసావా పేరుతో నలుపు తెలుపు పద్ధతి కూడా పెట్టారు. ఆడుతుంటే మార్నింగ్ షోలో కూర్చున్నట్టే ఉంటుంది.

రెండు కాగితాలు

ఆ రాత్రి ఆట ముగిశాక హాస్టలు కుర్రాళ్ళని ఒక కోరిక కోరాను. చెరో కాగితం తీసి ఒకవైపు ఎరాంగెల్, ఇంకోవైపు అశోక్ నగర్ గీయమన్నాను. ఫోను చూడకూడదు.

ఎరాంగెల్ అయిదు నిమిషాల్లో వచ్చేసింది. నది, వంతెనలు, నడిమధ్య పొచింకి, దక్షిణాన సైనిక స్థావరం. అచ్చు గుద్దినట్టు!

కాగితం తిరగేశారు. హాస్టలు... కోచింగ్ సెంటరు... మెస్సు... సిటీ సెంట్రల్ లైబ్రరీ. నాలుగు గడులు, మధ్యన ఒక గీత. మిగతాదంతా తెల్లకాగితం. ఏడాది నుంచీ అక్కడే ఉంటున్న అబ్బాయి పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సార్, లైబ్రరీ వెనక ఏముంటది?"

"నన్నడుగుతావేం? రోజూ నువ్వే కదా వెళ్ళేది."

"పోతా సార్, కానీ ఫోన్ చూస్కుంటనే పోతా." కాసేపాగి నవ్వాడు. "ఈడ దుష్మన్ ఎవడు లేడని మ్యాప్ చూడలే."

మూడోనాడు సాయంత్రం ఆ కాగితం ఫోటో తీసి పంపాడు. లైబ్రరీ పక్కన ఒక కొత్త సందు చేరింది. దాని చివర 'గానసభ, ఇయ్యాల నాటకం, ఫ్రీ' అని రాసి ఉంది. ఇందిరా పార్కు వైపు గీసిన గీత మాత్రం సగంలో ఆగి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది.