చుట్టూ నీళ్ళే, ఈత మాత్రం రాదు!

మాది కోనసీమ. ఒక ప్రక్క గౌతమి, ఒక ప్రక్క వశిష్ఠ, మూడో ప్రక్క సముద్రం, నడుమ వైనతేయ. అటువంటి సీమలో పుట్టి, నలభై అయిదేళ్ళు వచ్చి, కళాశాలలో గజేంద్రమోక్షం పాఠం చెప్పే నాకు ఈత రాదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కాని ఒకసారి మీ పిల్లల్ని కూడా అడిగి చూడండి.

మా నాన్నగారి రోజుల్లో రెండు ఎండు కొబ్బరికాయలు డొక్కతో సహా జతకట్టి, నడుముకు తగిలించి చెరువులోకి దింపేవారు. పీచులో గాలి వుంటుంది గనుక కాయ మునగదు. కాయ మునగదు గనుక కుర్రవాడూ మునగడు. నా వంతు వచ్చేసరికి మా అమ్మ, "నీళ్ళనూ నిప్పునూ నమ్మరాదురా నాయనా!" అని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నా విద్య గట్టునే ఆగిపోయింది.

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే ద్వీపదేశం వున్నది. వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లే. వేసవి వస్తే అక్కడ వాటర్ పోలో సందడి. 1565లో తురుష్కుల ముట్టడి తొలగిన జ్ఞాపకంగా ఏటా సెప్టెంబరు 8న వల్లెట్టా రేవులో పడవ పందేలు. నీళ్ళే వాళ్ళ ఆటస్థలం.

మనకూ ఆ ముచ్చట వచ్చింది. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు జరిగితే, గట్టున నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.

"నాన్నగారూ, పడవ తిరగబడితే వాళ్ళకి ఈత వచ్చునా?" అంది మా అమ్మాయి.

"వచ్చునమ్మా."

"మరి మీకు?"

జవాబు లేదు.

ఆ మే నెలలోనే ముమ్మిడివరం దగ్గర కమిని లంకలో స్నానానికి దిగి ఎనిమిదిమంది యువకులు గోదావరి పాలయ్యారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అమ్మ అన్న మాట నిజమే, నీళ్ళను నమ్మరాదు. ఈత వచ్చినవాడైనా ఏటిలోతు తెలియనిచోట దిగరాదు. అయితే నమ్మరానిదాని ప్రక్కనే కాపురముంటూ, దాని మర్యాద తెలుసుకోకపోవడం ఏం తెలివి?

బడులు తెరవకముందే తండ్రీ కూతుళ్ళం చెరువులో దిగాం. మా తోటలో కొబ్బరి దింపుతీసే ఆయనే గురువు. "మేష్టారూ, నీళ్ళతో దెబ్బలాడకండి, వాటిమీద పడుకోండి" అన్నాడు. ఏ పుస్తకంలోనూ యింత తేలికగా చెప్పగా నేను చదవలేదు.

గట్టున మా అమ్మ. ఈసారి చెయ్యి పట్టుకుని లాగలేదు. చేతిలో కొబ్బరికాయలు లెక్కపెడుతూ అన్నది:

"పిల్లకి రెండు చాల్రా. నీకు నాలుగు కట్టమను!"