లోహం పరచిన నీడలు: సి.టి. స్కాన్‌లో అసలేది, కల్పితమేది?

తుంటి కీలు మార్పిడి చేయించుకున్న వ్యక్తికి కొన్నేళ్ల తరువాత మళ్లీ నొప్పి మొదలైతే, అమర్చిన కీలు వదులైందా, చుట్టూ ఉన్న ఎముక క్షీణిస్తున్నదా అన్నది వైద్యులు తేల్చవలసి ఉంటుంది. ఇందుకు సి.టి. స్కాన్ చక్కటి సాధనం. అయితే సరిగ్గా చూడవలసిన చోటే చిత్రం చెడిపోవడం ఇక్కడి చిక్కు. లోహం చుట్టూ తెల్లని చారలు నక్షత్రంలా చిమ్ముకుంటాయి. వాటి మధ్య నల్లని పట్టీలు పరచుకుంటాయి. వీటినే మెటల్ ఆర్టిఫ్యాక్టులు అంటారు. అవి శరీరంలో ఉన్నవి కావు, చిత్రంలో పుట్టినవి. వాటి చాటున నిజమైన వ్యాధి మరుగున పడవచ్చు, లేని వ్యాధి ఉన్నట్టు తోచనూవచ్చు.

చిత్రం కాదు, గణితం

సి.టి. స్కాన్ చూడటానికి ఫొటోలా ఉన్నా, నిజానికి అది ఒక లెక్క. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లో తొలిసారి ఒక రోగికి స్కాన్ తీశారు. ఈ ఆవిష్కరణకు 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. నాటి మూల సూత్రమే నేటికీ కొనసాగుతోంది. ఎక్స్‌రే కిరణాలు శరీరం గుండా అనేక కోణాల నుంచి ప్రసరిస్తాయి. అవతలి వైపు ఎంత కిరణం మిగిలిందో డిటెక్టర్లు కొలుస్తాయి. ఆ కొలతలన్నిటి నుంచి కంప్యూటర్ ప్రతి బిందువుకు ఒక సంఖ్యను గణిస్తుంది. హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఏర్పడిన ఈ కొలమానంలో నీటి విలువ 0, గాలి విలువ మైనస్ 1000. లోహం విలువ అనేక వేలకు చేరుతుంది. చాలా స్కానర్లలో సాధారణ కొలమానం 3,071 వద్దే ఆగిపోతుంది.

లోహం ఈ లెక్కను ప్రధానంగా రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. ఎక్స్‌రే పుంజంలో తక్కువ శక్తి గలవి, ఎక్కువ శక్తి గలవి కలిసి ఉంటాయి. తూర్పారబట్టినప్పుడు పొట్టు ఎగిరిపోయి గట్టి గింజ మిగిలినట్టే, లోహం బలహీన కిరణాలను పీల్చుకోగా శక్తిమంతమైనవే బయటపడతాయి. పుంజం స్వభావం ఇలా మారిందని తెలియని గణనలో నల్లని పట్టీలు పుట్టుకొస్తాయి. ఇది మొదటిది. ఇక రెండవది, లోహం మందంగా ఉన్న కోణాల్లో కిరణాలు దాదాపు ఏవీ అవతలికి చేరకపోవడం. అక్కడ కొలత వంకర పోవడం కాదు, దాదాపుగా కొలతే ఉండదు. చెదిరిన కిరణాలు, రోగి కదలిక ఈ దోషాలను మరింత పెంచుతాయి.

అన్ని లోహాలూ ఒకే తీరుగా ప్రవర్తించవు. టైటానియం పరమాణు సంఖ్య 22, సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు. సుమారు 8 గ్రాముల సాంద్రత గల స్టీలు, కోబాల్టు మిశ్రమాల కన్నా అది తక్కువ ఛాయలు కలిగిస్తుంది. పాదరసం కలిసిన దంతాల ఫిల్లింగులు, బంగారు క్యాపులు చిన్నవే అయినా తీవ్రమైన చారలు సృష్టిస్తాయి.

దిద్దుబాటు వేరు, ఊహ వేరు

నివారణ మార్గాల్లో సులభమైనది ఎక్స్‌రే గొట్టం వోల్టేజీని 120 నుంచి 140 కిలోవోల్టులకు పెంచడం. కిరణాలు మరింతగా చొచ్చుకుపోతాయి గానీ, రేడియేషన్ మోతాదునూ గమనించుకోవాలి. రెండు శక్తి స్థాయులలో స్కాన్ తీసే డ్యుయల్ ఎనర్జీ విధానం మరొకటి. ఒకే అధిక శక్తి గల కిరణాలతో తీసినట్టుగా ఇందులో చిత్రాన్ని గణిస్తారు. స్వభావం మారిన పుంజం వల్ల వచ్చిన దోషాన్ని ఇది చాలావరకు సరిదిద్దుతుంది. కొలతే లేని చోట మాత్రం దీని శక్తి పరిమితం.

అలాంటి చోట్ల సాఫ్ట్‌వేర్ రంగంలోకి దిగుతుంది. లోహం మీదుగా వచ్చిన కొలతలను తొలగించి, ఇరుపక్కల ఉన్న కొలతల ఆధారంగా ఆ ఖాళీని పూరిస్తుంది. 1987లో కాలెండర్ బృందం ప్రచురించిన పద్ధతి ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. తరువాత వచ్చిన పద్ధతులు దీనిని ఎంతో మెరుగుపరిచాయి. అయినా పూరించినది అంచనాయే తప్ప కొలిచినది కాదు. అందువల్ల కొన్నిసార్లు లోహపు అంచున ఉన్న ఎముక చెరిగిపోయి, బిగువుగా ఉన్న కీలు సైతం వదులైనట్టు కనిపించవచ్చు. ఈ కారణంగానే సవరించిన చిత్రాన్ని ఒంటరిగా నమ్మక, సవరించని చిత్రాన్నీ పక్కన ఉంచుకుని చూడాలి.

రేడియేషన్ చికిత్సలో ఈ తేడా మరింత కీలకం. మన దేశంలో ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్‌నే తీసుకుంటే, దంతాల్లోని లోహం కణితి సరిహద్దును కప్పివేయవచ్చు. పైగా చికిత్స మోతాదును లెక్కించేది సి.టి. సంఖ్యల ఆధారంగానే. ఆ సంఖ్య తప్పితే మోతాదు లెక్కా తప్పుతుంది.

రోగి చేయగలిగినది

నగలు, వెంట్రుకల పిన్నులు, తీసిపెట్టే కట్టుడు పళ్లు సిబ్బంది చెప్పిన మేరకు స్కాన్‌కు ముందే తీసివేయాలి. శరీరంలో రాడ్, ప్లేటు, స్క్రూలు, క్లిప్పులు, పేస్‌మేకర్ వంటివి ఏవి ఉన్నా టెక్నీషియన్‌కు తప్పక చెప్పాలి. శస్త్రచికిత్స పత్రాలు, ఇంప్లాంట్ కార్డు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకువెళ్లాలి. లోహం ఏదో, ఎక్కడ ఉందో ముందే తెలిస్తే వోల్టేజీని, పడుకోబెట్టే భంగిమను, సాఫ్ట్‌వేర్‌ను తగినట్టు ఎంచుకునే వీలుంటుంది. స్కాన్ ముగిసిన తరువాత తెలిస్తే, సాఫ్ట్‌వేర్ సవరణ తప్ప మిగిలిన మార్గాలకు మరో స్కాన్ అవసరమవుతుంది.