పరుల యాట - మన యాట

అమెరికాలో బిడ్డలున్న కుటుంబములు నేడు గోదావరీ మండలములందు అనేకములు. నిడదవోలు జంక్షనులో బండి యెక్కి హైదరాబాదునకో చెన్నపట్టణమునకో పోయి, అచటినుండి విమానముమీద టెక్సాసునకును న్యూజెర్సీకిని చేరినవారికి పుట్టిన పిల్లలు ఆ దేశముననే పెరుగుచున్నారు. తాతయు మనుమడును టెలిఫోనులో మాటలాడుకొనునపుడు వచ్చు చిన్న తగవులలో ఫుట్‌బాలు తగవొకటి. తాతకు ఫుట్‌బాలనగా గుండ్రని బంతిని కాలితో తన్ను ఆట. మనుమనికి అది సాకరు. ఫుట్‌బాలనగా కోలబంతిని చంకబెట్టుకొని పరుగెత్తు వేఱొక యాట. చేతబట్టుకొని పరుగెత్తుదానికి ఆ పేరేమిటిరా యని తాత నవ్వును. గంటన్నర యాడి ఒక్క గోలైనను లేక ముగియునది యేమి ఆట తాతయ్యా యని మనుమడు నవ్వును.

ఇంటిలో ఈ నవ్వులాట ముద్దుగనే యుండును. కాని అమెరికాలో నూఱేండ్లకు పైగా సాగుచున్న యీ వివాదమును తఱచి చూచినచో అందు మనము నేర్వదగినది కొంత కలదు. ఒక ఆటను హేళన చేయుట వెనుక, ఆ యాటను ఆడు జనులయెడ గల చులకనభావము తఱచుగా దాగియుండును. ఈ దోషము అమెరికనులకే గాక మనకును కలదు. మనయందది మఱింత వింతరూపమును దాల్చినది. వారు పరాయిదని తలచినయాటను తిరస్కరింపగా, మనము మన సొంత ఆటనే తిరస్కరించుచున్నాము.

ముందుగా పేరు సంగతి చూతము. 1863వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన లండను నగరమందు కొన్ని క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషనును స్థాపించిరి. అంతకుముందు ఒక్కొక్క పాఠశాలకు ఒక్కొక్క నియమావళి యుండెడిది. బంతిని చేతబట్టి పరుగెత్తుట యుండవలెనన్న పక్షమువారు వేఱై, 1871లో రగ్బీ యూనియనుగా ఏర్పడిరి. అసోసియేషనువారి యాటకు సాకరని ముద్దుపేరు పెట్టినవారు ఇంగ్లండు విద్యార్థులే. అసోసియేషనను మాటలోని నడిమి అక్షరములే ఆ పేరునకు మూలము. కావున సాకరనుట అమెరికనుల అజ్ఞానమని యెగతాళి చేయువారు ఎఱుగక ఇంగ్లండు మాటనే యెగతాళి చేయుచున్నారు.

అమెరికాలో 1869 నవంబరు 6వ తేదీన రట్గర్సు, ప్రిన్స్‌టను కళాశాలలవారు ఆడిన తొలి పందెములో పక్షమునకు 25 మంది యుండిరి. బంతిని చేతబట్టి పరుగెత్తుటకు అందు వీలు లేదు. 1874లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారు హార్వర్డువారికి రగ్బీ రుచి చూపిన పిమ్మట అచటి యాట దారి మారినది. యేలు విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టరు క్యాంపు ప్రోద్బలమున 1880లో పక్షమునకు 11 మంది యనియు, ఇరుపక్షములును ఒక గీతకు ఎదురెదురుగా నిలువవలెననియు నిర్ణయమయ్యెను. నిర్ణీత యత్నములలో నిర్ణీతదూరము ముందునకు సాగలేనివారు బంతిని వదలుకొనవలెనను నియమము 1882లో వచ్చెను. 1912 నాటికి అది నాలుగు యత్నములు, పది గజములుగా స్థిరపడెను. 1905లో ఆటలో ప్రాణనష్టము మిక్కుటము కాగా, థియొడోరు రూజ్వెల్టు అధ్యక్షుడు కళాశాలల ప్రతినిధులను తన భవనమునకు పిలిపించి మాటలాడెను. మరుసటి సంవత్సరమే నియమములు సంస్కరింపబడెను.

ఈ యాట మనకు దుర్బోధమని తలంపనక్కఱలేదు. చెడుగుడు ఎఱిగినవాడు దీని మర్మమును సులభముగ గ్రహింపగలడు. నడుమ ఒక గీత. గీత కీవల నొక దండు, ఆవల నొక దండు. ఒకడు దూసికొనిపోవును, తక్కినవారు మీదబడి పట్టుదురు. పట్టు విడిపించుకొని బయటపడినవానికి జయధ్వానము. చెడుగుడులో కూత తెగినంతట దాడి ముగియును. అమెరికా ఫుట్‌బాలులో బంతి పట్టినవానిని నేల గూల్చినంతట ఆ యత్నము ముగియును. గజము గజముగ నేలను గెలుచుకొనుటలోని రుచిని భూవసతి గల మన పాఠకులకు వేఱుగ చెప్పవలసిన పని లేదు. సాకరు స్వభావము వేఱు. అది కాలువనీటివలె ఆగక పాఱుచుండును. ఎచట గండి పడునో తెలియదు. మొదటిదానికి వ్యూహమును, రెండవదానికి ప్రవాహమును ప్రాణము. రెండును ఆటలే.

ఇక పరస్పరాక్షేపణములు. అమెరికా ఫుట్‌బాలులో ఆటకంటె ఆగుటయే యెక్కువ యని సాకరు పక్షమువా రందురు. 2010లో ఒక అమెరికా దినపత్రిక లెక్కగట్టగా, మూడు గంటలకు పైబడిన ప్రసారములో బంతి నిజముగా ఆటలోనుండు కాలము సుమారు 11 నిమిషములని తేలినది. తక్కిన కాలమంతయు సన్నాహము, సంప్రదింపులు, వ్యాపార ప్రకటనలు. ఫలితము తేలకయే ముగియు పందెములును, తగులని దెబ్బకు నేలబడి పొరలు ఆటగాండ్రును సాకరునకు కళంకమని ఫుట్‌బాలు పక్షమువారందురు. రెండు ఆక్షేపణములందును కొంత సత్యము లేకపోలేదు. ఇది విమర్శ. విమర్శవలన ఆట బాగుపడును. 1905 నాటి విమర్శ లేకున్న ఆ యాట నేటిదాక నిలుచునో లేదో! 2002లో వైద్యుడు బెన్నెట్ ఒమాలు ఒక మాజీ ఆటగాని మెదడును పరీక్షించి, మాటిమాటికి తగిలిన దెబ్బలవలన కలిగిన వ్యాధిని కనుగొనెను. 2015లో అమెరికా సాకరు సంఘమువారు పదేండ్లు, అంతకు లోబడిన వయసు పిల్లలు తలతో బంతిని కొట్టరాదని నిషేధించిరి. ఇట్టి సంగతులను విచారించుట మన బిడ్డలకును అవసరమే.

తిరస్కారము విమర్శవంటిది గాదు. విమర్శకుడు ఆటలోని లోపమును చెప్పును. తిరస్కరించువాడు ఆడువారి జాతిని, దేశమును, రాజకీయమును ఎత్తి చూపును. ప్రపంచ కప్పు పోటీలను అమెరికాకు రప్పించు ప్రస్తావన 1986లో ప్రతినిధి సభకు వచ్చినపుడు, పూర్వము ఫుట్‌బాలు వీరుడుగ పేరొందిన జాక్ కెంపు అను సభ్యుడు లేచి, అమెరికా ఫుట్‌బాలు ప్రజాస్వామికమైన పెట్టుబడిదారీ పద్ధతికి చెందినదనియు, సాకరు ఐరోపా సామ్యవాదపు ఆట యనియు అర్థము వచ్చునట్లు పలికెను. తోలుబంతికి రాజకీయమతమును అంటగట్టిన యీ మాటలో హాస్యమెంతయో, అచటి జనసామాన్యమున పాతుకొన్న భావమును అంతయు కలదు. సాకరు వలసవచ్చినవారి యాట, పరదేశి యాట, ఆడపిల్లల యాట యను చిన్నచూపు ఆ దేశమున చాలకాలము చెల్లినది.

ఆ చిన్నచూపువలన వారు కోల్పోయినదేమి? 1930లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్పులో అమెరికా జట్టు సెమీఫైనలు దాక పోయెను. 1950 జూను 29వ తేదీన బ్రెజిలు దేశమందలి బెలో హొరిజోంటెలో ఇంగ్లండు జట్టును 1-0 గోలుతో ఓడించెను. ఆ గోలు చేసిన జో గేట్యెన్సు హైతీ ద్వీపవాసి. అట్టి విజయమును ఆ దేశము నాడు కన్నెత్తి చూడలేదు. ఆడపిల్లల యాట యని నవ్వినవారికి స్త్రీలే సమాధానము చెప్పిరి: అమెరికా స్త్రీల జట్టు 1991, 1999, 2015, 2019 సంవత్సరములందు ప్రపంచ కప్పును గెలిచినది. 1994లో పురుషుల ప్రపంచ కప్పు అమెరికాలో జరుగగా పందెమునకు సగటున సుమారు 69 వేలమంది ప్రేక్షకులు వచ్చిరి. 2026 ప్రపంచ కప్పును కెనడా, మెక్సికోలతో కలిపి అమెరికాకు కేటాయించుచు 2018లో నిర్ణయమైనది. పరదేశి యాట అచటి నేలలో వేరు పాతుకొన్నది. దానివలన ఫుట్‌బాలునకు కలిగిన నష్టమేమియు కానరాదు.

మనవారు ఆ దేశమునకు క్రికెట్టును కొనిపోయిరి. 2023లో మేజర్ లీగ్ క్రికెట్టు ప్రారంభమైనపుడు తెలుగువాడగు సత్య నాదెళ్ళ అందలి సియాటిల్ జట్టు భాగస్వాములలో నొకడు. 2024 జూను 6వ తేదీన డల్లసు చెంత గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా జట్టు పాకిస్థానును ఓడించినది. ఐదు దినములు ఆడి ఫలితము తేలని ఆట యని ఒక అమెరికను క్రికెట్టును పరిహసించినచో మన బిడ్డ మనస్సు నొచ్చుకొనదా? తన బాల్యమును, తన తండ్రిని, తన యూరిని పరిహసించినట్లు తోచదా? అటులనే కోలబంతిని పరిహసించినపుడు మనుమనికిని తోచును. కావున నవ్వుటకు ముందు, ఆ యాట యెట్లాడుదురో చెప్పుమని వానిని అడుగుట మేలు. చెడుగుడు ఎట్లాడుదురో తాత వానికి చెప్పుట ఇంకను మేలు.

చెప్పుటకు మనకు చెడుగుడు జ్ఞాపకమున్నదా? ఇదియే మా ప్రశ్న. పరదేశి యాటను విసర్జింపవలెనని మేము వాదించుటలేదు. ఆట ఎచట పుట్టినదను విచారణ మన జాతీయోద్యమమునకే పట్టలేదు. 1911 జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ ఆటగాండ్రు, ఒక్కరు తప్ప అందఱును వట్టికాళ్ళతో ఆడి, ఈస్టు యార్కుషైరు సైనికులను 2-1 గోలులతో ఓడించినపుడు దేశము పులకించినది. నాగపురమున పుట్టిన తెలుగువాడు సి.కె. నాయుడు 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడయ్యెను. తెల్లవాని యాట నేర్చి తెల్లవానిని ఎదిరించుటలో అవమానము లేదు. ఒక్క యాటయే ఆట, తక్కినవి పామరుల గంతులు అనుటలోనే అవమానమున్నది.

ఆ భావమువలన మనమొక సంపదను ఇదివఱకే పోగొట్టుకొంటిమి. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. దాని గురువు సయ్యదు అబ్దుల్ రహీము శిక్షణలో భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిచెను; 1956 మెల్బోర్ను ఒలింపిక్కులలో నాలుగవ స్థానము నందెను. రహీము 1963లో క్యాన్సరు వ్యాధిచే మరణించెను. పిదప ఆ వైభవము క్రమముగా క్షీణించినది. 1983 ప్రపంచ కప్పు విజయము తరువాత దేశముయొక్క చూపంతయు క్రికెట్టుపై నిలిచినది. ఆటను పోషించునది ప్రేక్షకుని చూపు. చూపు మరలినచోట మైదానము బీడగును.

చెడుగుడు కథ ఇంకను ఆశ గొల్పునది. 1936 బెర్లిను ఒలింపిక్కుల సందర్భమున అమరావతి నగరపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దానిని ప్రదర్శించిరి. 1990లో బీజింగు ఆసియా క్రీడలందు కబడ్డీ పేర ప్రవేశించినది. నాటినుండి పురుషుల స్వర్ణము మనదే. 2018లో మాత్రము ఇరాను జట్టు మనలను సెమీఫైనలులో ఓడించినది. మన పల్లెలు మఱచుచున్న విద్యను ఇరాను యువకులు శ్రద్ధగ నేర్చిరి. 2023లో స్వర్ణము తిరిగి మనకు దక్కినది. 2014లో ప్రో కబడ్డీ లీగు మొదలై, తెలుగు టైటన్సను జట్టు వెలసిన పిమ్మట, పామరుల ఆట యని నవ్విన పెద్దలే టెలివిజను ముందు కూర్చుండి చూచుచున్నారు. ఆట మారలేదు, వెలుగు పడినది.

డెల్టాలో భూమి బంగారమనియు, మైదానములకు చోటెక్కడిదనియు కొందఱందురు. లెక్క చూతము. అమెరికా ఫుట్‌బాలు మైదానమునకు సుమారు 1 ఎకరము 32 సెంట్లు కావలయును. సాకరునకు 1 ఎకరము 76 సెంట్లు. క్రికెట్టునకు మూడు నాలుగు ఎకరములు. చెడుగుడునకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలును. అది మూడు సెంట్లకు కొంచెము హెచ్చు. బ్యాటు వలదు, బంతి వలదు, చెప్పులును వలదు. నిడదవోలు పురపాలక సంఘమునకును, చుట్టునున్న గ్రామ పంచాయతీలకును, పాఠశాలలకును ఇది భారమగునా? ఆడపిల్లల బరి ఇంకను చిన్నది. రుద్రమదేవి మెట్టినింటివారగు చాళుక్యులు ఏలిన పురమిది. ఇచట ఆడపిల్ల మైదానములో దిగుటకు వెఱవవలసిన పని యుండరాదు.

అమలాపురమునుండి బయలుదేరిన సాత్విక్ సాయిరాజు బ్యాడ్మింటనులో 2023 ఆసియా క్రీడల డబుల్సు స్వర్ణము తెచ్చెను. డెల్టా బిడ్డలకు సత్తువ కొఱవడలేదనుటకు ఇంతకంటె సాక్ష్య మక్కఱలేదు. కొఱవడినది చోటు, పెద్దల ఆదరము.

సంక్రాంతి వచ్చినపుడు, చట్టము నిషేధించినను, కోడిపందెములకై మన భూస్వాములు ఎకరములకొలది చేలను చదునుచేసి, గుడారములు వేసి, దీపములు వెలిగించి బరులు సిద్ధపఱచుచున్నారు. కోడికి ఎకరములు ఈయగలవారు కుఱ్ఱవానికి మూడు సెంట్లు ఈయలేరా? రాబోవు పండుగకు నిడదవోలు పరిసర గ్రామములలో ప్రతి యూరను ఒక చెడుగుడు బరి ఏర్పడవలయునని మా మనవి. ఆ ప్రక్కనే పిల్లలు క్రికెట్టు ఆడుదురు గాక, గుండ్రబంతిని తన్నుదురు గాక, సెలవులకు వచ్చిన అమెరికా మనుమడు తన కోలబంతిని విసరును గాక. అందఱికిని చోటున్నది.