రచయిత స్వయముగా ప్రకటించిన గ్రంథము – దాని వ్యాప్తి, విక్రయము

గ్రంథమును రచించుట యొకటి, అచ్చొత్తించుట యొకటి, అది చదువరి చేతికి చేరుట మరియొకటి. మన రచయితలు పలువురు మొదటి రెండు కార్యములను స్వశక్తితో నెరవేర్చి, మూడవదానియొద్ద చతికిలబడుచున్నారు. పట్టము పొందిన సిద్ధాంతవ్యాసములు పెక్కులు పరిశోధకుల సొంత ధనముతోనే అచ్చగుచున్నవి. వానిలో కొన్ని అటకమీద కట్టలుగానే మిగులుచున్నవి. కావున ఈ ప్రశ్న వర్తకులకు మాత్రమే సంబంధించినది కాదు. ఒకడు శ్రమించి కనుగొన్న విషయము తరువాతి పరిశోధకునికి అందునా, అందదా యన్నదే యిందలి ప్రధానాంశము.

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలమున, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములకు చేరువగా ప్రొద్దుటూరను గ్రామము కలదు. అట్టి గ్రామమున నివసించు ఉపాధ్యాయుడొకడు తన గ్రంథమును అచ్చువేయించెననుకొందము. నగరము దూరము కాదు. శంకరపల్లి సికింద్రాబాదు–వాడి రైలుమార్గముపైననే యున్నది. ప్రతులను కోఠి, కాచిగూడలలోని పుస్తకాల దుకాణములకు చేర్చుట ఒక దినపు పని. కాని వరంగల్లు, విజయవాడ, తిరుపతి చదువరులకు చేర్చుట యెట్లు? చిరునామాలో సైతము చిక్కు కలదు. కడప జిల్లాలో ఇదే పేరుతో ప్రసిద్ధమైన పట్టణముండుటచే, జిల్లాపేరును పిన్‌కోడును స్పష్టముగా వ్రాయనిచో, ప్రతి కావలెనని వ్రాసిన ఉత్తరము అచ్చటికి పోవచ్చును.

ఇక లెక్కను చూతము. ఉదాహరణకు 500 ప్రతులకు 60,000 రూపాయలు వ్యయమైనచో ప్రతి యొక్కింటికి 120 రూపాయలు పడును. వెల 200 రూపాయలుగా నిర్ణయించి, విక్రేతకు నూటికి 40 వంతున తగ్గింపు నిచ్చినచో, రచయితకు మిగులునది 120 రూపాయలే. అనగా ప్రతులన్నియు అమ్ముడుపోయినను పెట్టుబడి మాత్రము తిరిగివచ్చును. విమర్శకులకు, గురువులకు, మిత్రులకు 60 ప్రతులను ఉచితముగా నిచ్చెనేని 7,200 రూపాయలు నష్టము. వెలను 300 రూపాయలకు పెంచినచో 334 ప్రతులతోనే పెట్టుబడి చేతికి వచ్చును. కాని ఆ వెలకు విద్యార్థి వెనుకాడును. విక్రేతను నిందించుట న్యాయము కాదు. అతడు అద్దె చెల్లించు స్థలమున మెల్లగా అమ్ముడగు పుస్తకమును నెలలకొలది నిలుపవలయును. అందుచే అమ్మిన పిమ్మటనే పైకము నిచ్చు పద్ధతి యేర్పడినది. దుకాణమునకు మరల మరల పోయి లెక్క అడుగలేని గ్రామవాసికి ఆ పైకము చేరుట కష్టము.

ఈ చిక్కు నేటిది కాదు. నిజాము రాష్ట్రమున రాజభాష ఉర్దూ. తెలుగు చదువరులు తక్కువ, తెలుగు పుస్తకములకు అంగళ్లు మరియు తక్కువ. అట్టి స్థితిలో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు అచ్చటనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. 1908లో అది మద్రాసునకు తరలినది. ఈ మండలి చందాదారులను సమకూర్చుకొని గ్రంథములను ప్రకటించెను. చదువరులెవరో అచ్చునకు ముందే తెలిసికొనుట యిందలి కిటుకు.

1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దొరకినది. గ్రంథమున పేరున్నవారే దానికి తొలి చదువరులును తొలి ప్రచారకులును అగుట సహజము. వట్టికోట ఆళ్వారుస్వామిగారి మార్గము మరియొకటి. వారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూటను మోసికొని యూరూర తిరిగి విక్రయించిరి. అంగడి లేనిచోట తామే అంగడి యైరి.

ఈ యుదాహరణములందు గమనింపదగిన భేద మొకటి కలదు. మండలికిని గ్రంథమాలకును ఒక పుస్తకమును కొన్నవాడు తరువాతి పుస్తకమునకును గ్రాహకుడు. ఏకాకియగు రచయితకు ఉన్నది ఒక్కటే పుస్తకము. దానికొరకు సంపాదించిన చదువరి అంతటితో జారిపోవును. ఈ లోపమును ఏ ప్రకటనయు పూరింపజాలదు. రచయితలు కలసికొనుటయే దీనికి మందు.

గ్రంథాలయములు ఒకప్పటినుండియు రచయితకు ఆధారము. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతోపాటు వసూలగు గ్రంథాలయపన్ను పౌరగ్రంథాలయములకు ఆధారమైనది. కాని ఎంపికకు పుస్తకమును సమర్పించుట, ఉత్తరప్రత్యుత్తరములు నడపుట రచయిత పనియే. 1954 నాటి చట్టము ననుసరించి ప్రకాశకుడు 30 దినములలో ఒక్కొక్క ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును తన ఖర్చుతో పంపవలయును. స్వయముగా ప్రకటించు రచయితయే ప్రకాశకుడని పలువురెరుగరు. 1867 నాటి ముద్రణ, గ్రంథనమోదు చట్టమునకు బదులుగా 2024 మార్చి 1 నుండి అమలునకు వచ్చిన చట్టము పత్రికలకే పరిమితము. కావున గ్రంథముయొక్క ఉనికికి సాక్ష్యముగా ఈ ప్రతుల సమర్పణ మరింత ముఖ్యమైనది. రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ఉచితముగా నిచ్చు 13 అంకెల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను సైతము అచ్చునకు ముందే పొందవలయును.

తపాలా మార్గమునను మార్పులు కలిగినవి. తక్కువ రుసుముతో పుస్తకములను చేర్చుచుండిన రిజిస్టర్డు బుక్‌పోస్టు 2024 డిసెంబరులో నిలిచినది. 2025 మే 1న జ్ఞాన్‌పోస్టు ఆరంభమైనది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు దాని ప్రారంభపు రుసుము, పన్ను అదనము. ఏ గ్రంథములు దీనికి తగునో నియమములు కలవు. తపాలా కార్యాలయమున విచారించి వెల నిర్ణయించుట మేలు.

పరిశోధక విద్యార్థులకు మేము సూచించునవి మూడు. అచ్చునకు ముందే చందాదారుల పట్టికను సిద్ధపరచి, ఆ పట్టికనుబట్టి ప్రతుల సంఖ్యను నిర్ణయింపవలెను. ఒకే శాఖలో పట్టము పొందినవారు తమ గ్రంథములన్నిటికి ఉమ్మడి జాబితా నొకటి ప్రకటించి, ఒకరి పుస్తకముతో మరియొకరి పుస్తకమును పంపవలెను. ఉచితప్రతులను మర్యాదకొరకు గాక, ఆ విషయమున కృషిచేయువారికిని గ్రంథాలయములకును ఈయవలెను. ఇందువలన లాభము చేకూరునని మేము చెప్పము. 500 ప్రతులు కట్టలుగా నుండుటకంటె 200 ప్రతులు చదువరుల చేతులలో నుండుట మేలు. ఆవిష్కరణసభతో గ్రంథము వెలువడినట్లు కాదు. ఎరుగని చదువరి యొకడు దానిని వెదకి పొందగలిగిననాడే అది వెలువడినట్లు.