మీకు తెలుసా? ఏటిగట్టు వెంట గౌతమీయాత్ర

త్ర్యంబకమున జన్మించి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని యాస్థానమందు నన్నయభట్టారకుఁడు మహాభారతాంధ్రీకరణమునకు శ్రీకారము చుట్టిన రాజమహేంద్రవరమును దాటి, 1847లో ఆర్థర్ కాటన్ ప్రారంభింపఁగా 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరపు టానకట్టకు దిగువన గౌతమి, వసిష్ఠ యను పాయలుగాఁ జీలుచున్నది.

అచ్చటినుండి గౌతమి యెడమగట్టు వెంట కొబ్బరితోఁటల నీడలలో సాగిపోవు బాట మనలను కోటిపల్లి రేవునకుఁ జేర్చును. సైకిళ్లను, కూరగాయల గంపలను ఎక్కించుకొని పంటు ఆవలియొడ్డున నున్న ముక్తేశ్వరమునకు మెల్లగాఁ గదలుచుండఁగా, కార్తికమాసపు వేకువలలో, తడిచీరలతో మెట్లపై నిలిచిన స్త్రీలు అరఁటిదొప్పలలో దీపములు విడుచు దృశ్యము కనులారఁ జూడవలసినదే.

ఇంకను దిగువకుఁ బోయినచో, 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము. వీధివీధినఁ దెలుఁగే వినవచ్చు నీ యూరు పాలనలో మాత్రము నేఁటికిని దూరపు పుదుచ్చేరికిఁ జెందినది.