అంకణా నుంచి స్ప్రెడ్‌షీట్ వరకు: వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు డిజిటల్ నైపుణ్యాల బోధన

వ్యాస సంగ్రహం:
బి.కాం. విద్యార్థి స్ప్రెడ్‌షీట్‌ను, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకోవడమంటే మెనూలను గుర్తుంచుకోవడం మాత్రమే కాదు. ఆ సాధనాలలో దోషం ఎక్కడ దాగుతుందో, దానిని ఎలా పట్టుకోవాలో తెలుసుకోవడం. ఈ విషయాన్ని స్ప్రెడ్‌షీట్ పుట్టుక, ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రంలోని లోపం, జీఎస్టీ కొనుగోళ్ల సమన్వయం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వాణిజ్యశాస్త్ర బోధన, స్ప్రెడ్‌షీట్, అంకణా, జీఎస్టీ, సమన్వయం, ఆడిట్ ట్రయల్.

1. ఉపోద్ఘాతం:
అకౌంటింగ్ విద్యార్థి మొదట చిట్టాను, పిమ్మట ఆవర్జాను, అటుపై అంకణాను నేర్చుకుంటాడు. అంకణాలో డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమైనంత మాత్రాన లెక్కలు దోషరహితమని భావించరాదని పాఠ్యపుస్తకాలు హెచ్చరిస్తాయి. అసలు నమోదే కాని వ్యవహారం, ఒకదానినొకటి సరిపెట్టుకొనే దోషాలు అంకణాలో బయటపడవు. డెబిట్, క్రెడిట్ సమానం కాని పద్దును సాఫ్ట్‌వేర్ సాధారణంగా స్వీకరించదు కనుక నేడు అంకణా దానంతటదే సరిపోతుంది. అయినా పై దోషాలు మాత్రం తొలగిపోలేదు. తెరపై శుభ్రంగా కనిపించే పట్టిక వాటిపై అనుమానం కూడా కలగనివ్వదు. డిజిటల్ నైపుణ్యాల బోధన ఈ పాత హెచ్చరికతోనే ప్రారంభం కావలసి ఉంది.

2. తరగతి గదిలో పుట్టిన సాధనం:
స్ప్రెడ్‌షీట్ ఆలోచన వ్యాపార విద్యార్థికే వచ్చింది. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, నల్లబల్లపై రాసిన పట్టికలో ఒక అంకె మారితే మిగిలినవన్నీ చెరిపి తిరిగి రాయవలసి రావడాన్ని గమనించాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలసి ఆయన రూపొందించిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్‌కు విడుదలైంది. ఒక గడిలోని విలువ మారితే దానిపై ఆధారపడిన గడులన్నీ మారడం దాని బలం. తప్పు విలువ కూడా అంతే వేగంగా అన్ని గడులకూ వ్యాపించడం దాని బలహీనత.

3. ఐదు దేశాలు లేని సగటు:
ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాలలో వృద్ధిరేటు సగటున -0.1 శాతమని 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ప్రకటించారు. పొదుపు విధానాలపై జరిగిన చర్చల్లో ఈ పత్రం విస్తృతంగా ప్రస్తావనకు వచ్చింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్, అధ్యాపకులు మైఖేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లతో కలసి 2013లో ఆ లెక్కను తిరిగి చేయగా 2.2 శాతం వచ్చింది. సగటు ఫార్ములా 49వ వరుస వరకు సాగవలసి ఉండగా 44వ వరుస వద్దే ఆగింది. ఫలితంగా ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకి రాలేదు. మొత్తం వ్యత్యాసానికి ఈ లోపం ఒక్కటే కారణం కాదు. కొంత సమాచారాన్ని వదలిన తీరు, సగటుకు భారాలు నిర్ణయించిన పద్ధతి పాత్ర ఇంకా ఎక్కువ. ఫార్ములా లోపాన్ని రచయితలు అంగీకరించారు. తక్కిన విమర్శతో విభేదించారు. ఎన్ని వరుసలు లెక్కలోకి వచ్చాయో సరిచూసే ఒక్క అడుగు ఉంటే ఆ లోపం ముందే కనిపించేది.

4. జీఎస్టీ సమన్వయం:
ఇదే దోషం స్థానిక వ్యాపారి ఇంట నగదు కొరతగా మారుతుంది. 18 శాతం పన్ను గల సరుకును రూ.40,000కు అదే రాష్ట్రంలో కొన్న వ్యాపారి కేంద్ర జీఎస్టీ రూ.3,600, రాష్ట్ర జీఎస్టీ రూ.3,600 చెల్లిస్తాడు. ఈ రూ.7,200ను ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా పొందాలంటే, 2022 జనవరి 1 నుంచి, అమ్మకందారు ఆ ఇన్‌వాయిస్‌ను తన రిటర్నులో చూపడం, అది కొనుగోలుదారు జీఎస్టీఆర్-2బిలో కనిపించడం అవసరం. నెలవారీ రిటర్నుల విధానంలో అమ్మకందారు 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 దాఖలు చేస్తాడు. 14న 2బి సిద్ధమవుతుంది. 20లోగా కొనుగోలుదారు జీఎస్టీఆర్-3బి సమర్పించాలి. ఈ కొద్ది రోజుల్లోనే కొనుగోలు పుస్తకాన్ని 2బితో పోల్చి చూడాలి.

బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక నేర్చిన విద్యార్థికి ఈ పని కొత్తది కాదు. రెండు పుస్తకాలు, వాటి మధ్య తేడాలు, తేడాకు కారణాలు ఇక్కడా ఉంటాయి. కొత్త చిక్కు సమాచార రూపంలో ఉంది. ఒకచోట “007” అని, మరోచోట “7” అని ఉన్న ఇన్‌వాయిస్ సంఖ్యలను కంప్యూటర్ వేర్వేరుగా భావిస్తుంది. సంఖ్య చివర మిగిలిన ఖాళీ కంటికి కనిపించదు గాని పోలికను చెడగొడుతుంది. అక్షరరూపంలో నిల్వ అయిన అంకెను మొత్తం కట్టే ఫార్ములా హెచ్చరిక లేకుండా వదిలివేస్తుంది. ఇది నమోదు మరచిన దోషానికి నేటి రూపం. అమ్మకందారు నిజంగా దాఖలు చేయలేదా, లేక రాతలో తేడా వల్ల జత కుదరలేదా అన్నది తేల్చలేని విద్యార్థి, నిరపరాధి అయిన అమ్మకందారును నిలదీయవచ్చు. లేదా యజమానికి దక్కవలసిన క్రెడిట్‌ను ఆ నెలకు వదిలివేయవచ్చు.

5. బోధనకు సూచనలు:
మొదటిది, ప్రయోగశాలలో ముందే శుభ్రపరచిన పట్టికలకు బదులు దోషాలతో కూడిన సమాచారాన్ని ఇవ్వాలి. ఆశించిన ముద్రిత ప్రతి వచ్చిందా అని కాక, ఎన్ని దోషాలు కనుగొన్నాడు, కారణం ఎలా రాశాడు అన్నదానికి మార్కులు కేటాయించాలి.

రెండవది, ప్రతి అభ్యాసంలోనూ వరుసల సంఖ్యను, మొత్తాలను మూలపత్రాలతో సరిచూసే నియమం ఉండాలి. ఒకరి పట్టికను మరొకరు పరీక్షించాలి.

మూడవది, దిద్దుబాటు జాడను గౌరవించడం నేర్పాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో నమోదు కావాలి. ఆ ఆడిట్ ట్రయల్‌ను నిలిపివేసే వీలు ఉండరాదు. చిట్టాలో తప్పును చెరపక సవరణ పద్దు రాయాలన్న పాత నియమానికి ఇది కొనసాగింపు.

నాలుగవది, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి ఆవర్జా, అంకణా తెలుసు. తెరపై లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ కనిపిస్తాయి. రెండు పదాలనూ పక్కపక్కనే చూపే పట్టిక తొలి వారంలోనే అందితే, అతడు తనకు తెలిసిన శాస్త్రాన్నే కొత్త తెరపై గుర్తిస్తాడు.

6. ముగింపు:
సాఫ్ట్‌వేర్ రూపాలు మారుతుంటాయి. ఈనాటి మెనూ ఉద్యోగంలో చేరేనాటికి ఉండకపోవచ్చు. మూలపత్రంతో సరిచూడడం, లెక్కలోకి రానిదానిని వెదకడం, మార్పుకు జాడ ఉంచడం అనే అలవాట్లు మాత్రం ఏ సాధనానికైనా వర్తిస్తాయి. అందువల్ల డిజిటల్ నైపుణ్యాన్ని అకౌంటింగ్ పాఠానికి వెలుపల విడి ప్రయోగంగా కాక, ఆ పాఠంలో భాగంగానే బోధించడం సముచితం.