బల్లగా మారిన కంప్యూటరు

రాయలసీమలో రాయి నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టే వస్తువు. రావిచెట్టు నీడన పరచిన బండ రచ్చబండ అయినది. గుడి మండపంలో బండమీద గీసిన గీతలు పులిజూదానికి పటమైనవి. బడి వరండాలోని బండలమీద పిల్లలు సుద్దముక్కతో అక్షరాలు దిద్దుకున్నారు. 2022లో నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల ఇటువంటి బండలకు పుట్టినిల్లు. అక్కడి గనులలో పొరలు పొరలుగా విడివడే సున్నపురాతిని కోసి, నునుపు పట్టి, దూరప్రాంతాల ఇళ్ళకు పంపుతారు. గుంటూరు నుండి గుంతకల్లు పోయే రైలుమార్గంలోనే బేతంచెర్లకు తూర్పున మార్కాపురం రోడ్డు స్టేషను ఉన్నది. మార్కాపురం బడిపిల్లల పలకకు పేరుపొందిన ఊరు. ఒకే రైలుదారిలో ఒక ఊరు నలుగురు చుట్టూ చేరే బండను, మరొక ఊరు ఒక్కరు ఒడిలో పెట్టుకునే పలకను ఇచ్చినవి.

ఒంటరిగా పట్టుకునే వస్తువుకూ, నలుగురు చుట్టూ చేరే వస్తువుకూ గల ఈ భేదాన్ని మనస్సులో ఉంచుకుని చూచినచో, 2007లో అమెరికాలో వెలువడిన ఒక యంత్రాన్ని గూర్చి లోకం పలికిన పలుకులు కొత్తగా అర్థమవుతాయి. ఆ యంత్రం కంప్యూటరే. కాని దానికి అక్షరాల మీటలు లేవు, మౌసు లేదు, నిలువుగా నిలిచిన తెర లేదు. చూడటానికి అది గదిమధ్య వేసుకునే పొట్టిబల్ల.

ఆ సంవత్సరం మే నెలాఖరున కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో జరిగిన ఒక సాంకేతిక సభలో మైక్రోసాఫ్టు సంస్థ అధిపతి స్టీవ్ బామర్ దానిని ప్రదర్శించినారు. దాని పేరు సర్ఫేస్, అనగా ఉపరితలం. బల్ల పైభాగమే ముప్పై అంగుళాల తెర. ఒక కెమెరాను తెచ్చి ఆ బల్లమీద పెట్టగానే దానిలోని ఛాయాచిత్రాలు నీళ్ళలో విడిచిన పూలరేకుల వలె తెరమీద పరచుకున్నవి. ఒకరు ఒక చిత్రాన్ని వేలితో త్రిప్పుతుండగా ఎదుట కూర్చున్నవారు మరొక చిత్రాన్ని రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేసినారు. ఇద్దరి చేతులూ ఒకే తెరమీద ఉన్నవి. ఒకరి పనికి మరొకరు అడ్డు కాలేదు.

ఇంద్రజాలంగా తోచిన ఈ పనిలోని లోగుట్టు విద్యార్థులకు తెలియరానంత కఠినమైనది కాదు. బల్ల కడుపులో, తెర కింద, కంటికి కనబడని పరారుణ కాంతిని వెదజల్లే దీపం ఉన్నది. ఆ కాంతిని చూడగల ఐదు కెమెరాలు ఉన్నవి. వేలు తెరకు ఆనగానే ఆ కాంతి వేలికి తగిలి కిందికి మరలుతుంది. కెమెరాలు ఆ వెలుగుచుక్కను పట్టుకుంటాయి. కంప్యూటరు దాని స్థానాన్ని లెక్కకడుతుంది. దాని ప్రకారం మారిన చిత్రాన్ని ప్రొజెక్టరు కిందినుండే తెరమీద వేస్తుంది. వేలితో తాకే తెర అంతకుముందు లేనిది కాదు. ఇంగ్లండులోని మాల్వర్న్ పరిశోధనాలయంలో ఇ. ఏ. జాన్సన్ 1965లోనే అటువంటి తెరను వర్ణించినాడు. కాని చిరకాలం పాటు వాడుకలో ఉన్న స్పర్శ తెరలు చాలవరకు ఒక సమయంలో ఒక్క వేలిని మాత్రమే గుర్తించేవి. ఈ బల్ల స్పర్శను కన్నుతో చూచేది గనుక అనేకమంది వేళ్ళను ఒక్కసారే పోల్చుకోగలిగినది. అడుగున చుక్కల గుర్తు అంటించిన గ్లాసును పెట్టినా అది ఏ గ్లాసో తెలుసుకోగలిగినది. కన్నుకు ఉండే బలహీనత కూడ దానికి ఉన్నది. గదిలోకి ఎండ నేరుగా పడితే ఆ వెలుగులో వేలి జాడ దానికి సరిగా తెలిసేది కాదు.

వార్త వెలువడిన వెంటనే లోకం పలు విధాల పలికినది. మీటలూ మౌసూ లేకుండా చేతితో నేరుగా పని చేయించుకోవడం చూచి ఆశ్చర్యపడినవారు కొందరు. కంప్యూటరు అంటే భయపడే వృద్ధులకూ, అక్షరం రాని పసివారికీ ఇది దారి చూపుతుందని వారి ఆశ. మరికొందరు ధర చూచి పెదవి విరిచినారు. ఐదు వేల నుండి పది వేల డాలర్ల వరకు ఉండవచ్చునని సంస్థ చెప్పినది. ఫోటోలు చూచుకోవడానికీ, కాఫీ తెప్పించుకోవడానికీ అంత ధనమా? కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లున్నదని వారి వాదం. బల్లమీద కాఫీ ఒలికితే ఏమగును, వేలిముద్రల మరకలు ఎవరు తుడవవలెను అని సంసారపక్షంగా ప్రశ్నించినవారూ లేకపోలేదు.

ఇందులో కొత్త ఏమున్నదని అడిగినవారు నాల్గవ తెగ. న్యూయార్కు పరిశోధకుడు జెఫ్ హాన్ 2006 ఫిబ్రవరిలోనే ఒక సభలో అనేక వేళ్ళకు ఒదిగే పెద్ద తెరను చూపి చప్పట్లు అందుకున్నాడు. 2007 జనవరిలో చూపిన ఐఫోను జూన్ చివర అంగళ్ళకు రానున్నది. అరచేతిలో ఇమిడే వస్తువు ఒకటి రాబోతుండగా, నలుగురు పట్టి మోయవలసిన బల్లను భవిష్యత్తు అని ప్రకటించడం హాస్యగాళ్ళకు చక్కని అవకాశమైనది. సంస్థ తీసిన ప్రచార చిత్రానికే వెక్కిరింపు మాటలు జోడించి ఒకరు చేసిన అనుకరణను ఎందరో చూచి నవ్వుకున్నారు.

అంగడి తీర్పు నవ్వినవారికే అనుకూలమైనది. 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని కొన్ని ఏ.టి. అండ్ టి. దుకాణాలలో ఆ బల్లలు వెలసినవి. కొన్ని హోటళ్ళలో, జూదశాలలలో అతిథులకు వినోదమైనవి. ఇళ్ళలోకి మాత్రం రాలేదు. 2011లో సాంసంగ్ సంస్థతో కలిసి నలభై అంగుళాల తెరతో మరింత పలుచని బల్లను ప్రకటించినారు. 2012 జూన్‌లో మైక్రోసాఫ్టు చేతిలో పట్టుకునే కొత్త పలకకు సర్ఫేస్ అనే పేరు పెట్టి, బల్లకు పిక్సెల్‌సెన్స్ అని నామాంతరం చేసినది. నలుగురి బల్లకు పెట్టిన పేరు ఒక్కరి పలకకు పోయినది.

ధరను గూర్చి నవ్వినవారి మాట నిజమే. అయితే వారిలో చాలమంది ఆ బల్లను విడిగా ఒక మనిషి కొనుక్కునే వస్తువుగానే తూచినారు. కొనేవాడు ఒక్కడు, వాడేవాడు ఒక్కడు అనుకుంటే అరచేతి ఫోను ముందు బల్ల ఓడిపోక తప్పదు. ముప్పైమంది పిల్లలు కూర్చునే గదిలో లెక్క మారుతుంది. నిలువు తెరకు ముందువరుస, వెనుకవరుస ఉంటాయి. మౌసు ఎవరి చేతిలో ఉంటే వారిదే పెత్తనం. బల్లకు ముందూ వెనుకా లేవు. ఎదుటివాడు చేసినది కనబడుతుంది. కనబడినదానిని సరిదిద్దడానికి చేయి అందుతుంది.

ఈ సంగతి తెలిసినవారు ఆనాడే లేకపోలేదు. అమెరికాలోని మిత్సుబిషి పరిశోధనాలయంలో 2001 నాటికే డైమండ్‌టచ్ అనే బల్లను నిర్మించినారు. కూర్చున్న కుర్చీ ద్వారా ప్రసరించే స్వల్ప విద్యుత్సంకేతాన్నిబట్టి తాకినది ఎవరి వేలో అది చెప్పగలిగేది. 2008లో కెనడాకు చెందిన స్మార్ట్ టెక్నాలజీస్ చిన్న తరగతుల పిల్లలకోసమే స్పర్శబల్లను తెచ్చినది. ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం వారు మూడేళ్ళపాటు తరగతి గదులలో ఇటువంటి బల్లలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించినారు. ఎనిమిది నుండి పదేళ్ళ వయస్సుగల నాలుగు వందలమందికి పైగా పిల్లలు అందులో పాల్గొన్నారు. ఒక సంఖ్యకు ఎన్ని విధాల లెక్కలు కట్టవచ్చునో కలిసి వెదకడం వారికిచ్చిన పనులలో ఒకటి. బల్ల చుట్టూ పనిచేసినవారిలో నూటికి 45 మంది ఆ తరువాత మునుపటికంటె ఎక్కువ విధాల కొత్త లెక్కలు కట్టగలిగినారు. కాగితంమీద పనిచేసినవారిలో అటువంటివారు నూటికి 16 మంది.

అయితే పదిమంది చేతులు ఒకచోట చేరినంతమాత్రాన చదువు వచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు బెంగళూరులో దొరికినది. అక్కడి మైక్రోసాఫ్టు పరిశోధనాలయానికి చెందిన ఉదయ్ సింగ్ పవార్, జయజిత్ పాల్, కెంటారో టొయామా మొదలైనవారు పల్లెబడులలో ఒక్కొక్క కంప్యూటరు చుట్టూ పలువురు పిల్లలు మూగడం చూచినారు. మౌసు బలవంతుడైన పిల్లవాని చేతిలో ఉండేది, తక్కినవారు ప్రేక్షకులు. 2006 ప్రాంతంలో వారు ఒక చౌక ఉపాయం పన్నినారు. ఒకే కంప్యూటరుకు పలు మౌసులు తగిలించి, పిల్లకొక మౌసు, మౌసుకొక రంగు బాణం ఇచ్చినారు. ముందుగా నొక్కినవాడే గెలిచే పందెం పెడితే కొందరు, ముఖ్యంగా మగపిల్లలు, ఆలోచించక ఎడాపెడా నొక్కినారు. అందరూ ఒకే జవాబుకు ఒప్పుకున్న తరువాతనే పాఠం ముందుకు సాగేటట్లు నియమం పెడితే చదువు మెరుగైనది. యంత్రం ఒకటే, పిల్లలు ఒకటే. ఆట నియమం మారినది.

తెలుగునాట స్పర్శ తెర బడిలోకి వచ్చిన దారి వేరు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఆవిష్కరించిన ఆకాశ్ పలకను కూర్చినది హైదరాబాదులోనే. ప్రభుత్వానికి దాని ధర ఇంచుమించు 2,250 రూపాయలు. ఇంత చౌకగా కంప్యూటరా అని మొదట లోకం నివ్వెరపోయినది. చేతికందిన తరువాత వేలితో గట్టిగా నొక్కితేగాని పలకడంలేదని, బ్యాటరీ నిలవడంలేదని పెదవి విరిచినది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు ట్యాబుల పంపిణీ ప్రారంభించినది. ఐదు లక్షలకు పైగా ట్యాబులు రాష్ట్రమంతటా పంచినారు. మరుసటి డిసెంబరులోనూ పంచినారు. 2023లో ఉన్నత పాఠశాలల గోడలకు పెద్ద స్పర్శ తెరలు అమర్చడం మొదలయినది.

వీటిపై వినవచ్చిన మాటలు 2007 నాటి మాటలకు దగ్గరి చుట్టాలు. ధనికుల పిల్లల చేతిలోని వస్తువు కూలివాని బిడ్డకు అందినదని సంతోషించిన తల్లిదండ్రులు ఉన్నారు. పాఠాలను పక్కనపెట్టి ఆటలు, సినిమాలు చూస్తారేమోనని భయపడినవారూ ఉన్నారు. ట్యాబులలో పెట్టిన కట్టుబాట్లను కొందరు పిల్లలు తప్పించుకుంటున్నారని పత్రికలు వ్రాసినవి. ఖర్చును గూర్చి, ఉపయోగాన్ని గూర్చి రాజకీయ వాదాలు జరిగినవి. ఈ వాదాలన్నిటిలో ప్రశ్న ఒకటే: ఒక్క పిల్లవాడు ఒంటరిగా ఆ తెరతో ఏమి చేస్తాడు? ట్యాబు ఒక్కరి చేతి వస్తువు. గోడమీది తెర ఎక్కువసేపు ఉపాధ్యాయుని చేతి కిందనే ఉంటుంది. పిల్లలు పక్కపక్కన కూర్చుని ఒకే లెక్కమీద చేతులు వేసే చోటు ఈ రెండింటి మధ్య ఖాళీగా మిగిలినది.

ఆ ఖాళీని నింపడం రాయలసీమకు తెలియని విద్య కాదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో, ఒక్క ఉపాధ్యాయుడే పలు తరగతులు చెప్పవలసిన పల్లెబడులకోసం ఒక పద్ధతి రూపొందినది. పిల్లలు గుంపులుగా నేలమీద కూర్చుంటారు. నడుమ పాఠాల అట్టలు ఉంటాయి. నిచ్చెన మెట్ల వలె ఒక అట్ట తరువాత మరొక అట్టకు సాగుతారు. తెలిసినవారు తెలియనివారికి చెబుతారు. గోడకు పిల్లల ఎత్తుకు అందే నల్లబల్లలు ఉంటాయి. కర్ణాటకలోని నలి-కలి, తమిళనాడులో పేరుపొందిన కృత్యాధార బోధన దీనినుండి ప్రేరణ పొందినవే. పదివేల డాలర్ల బల్ల ఏ పనికి పనికివస్తుందో, ఆ పనిని ఈ పద్ధతి అట్టముక్కలతో చాలవరకు నెరవేర్చినది.

కనుక ఉపాధ్యాయుడు కొత్త యంత్రం వచ్చేవరకు వేచియుండనక్కరలేదు. చేతిలోని ట్యాబును నేలమీద వెల్లకిల ఉంచి, చుట్టూ నలుగురిని కూర్చోబెట్టవచ్చును. నలుగురూ కారణం చెప్పి, ఒక మాటమీదికి వచ్చేవరకు ఎవరూ తెరను తాకరాదని నియమం పెట్టవచ్చును. తాకే వంతు ప్రతి లెక్కకూ మారవలెను. వెనుకబడిన పిల్లకు ఆ వంతు తప్పక రావలెను. గోడ తెరమీద పాఠం చూపిన తరువాత అదే లెక్కను బండలమీద సుద్దతో గుంపులుగా చేయించవచ్చును. బేతంచెర్ల బండ పరచిన తరగతి గదిలో అందుకు కావలసిన బల్ల ముందే పరచియున్నది.